కోనాం పళ్లకు ఏ లీడర్ ఆగుతుంది? నాలుగేళ్ల వాడకం తర్వాత నా మాట

మొదటి ఏడాది విశాఖలో నేను పోగొట్టుకున్న లూర్లకు, అంటే గాలానికి కట్టే నకిలీ ఎరలకు, లెక్కే లేదు. చేప లాగి తెంపుకుపోతే కనీసం చేతికి తెలుస్తుంది. కోనాం, అంటే మీరు వంజరం అనేది, కొరికితే అదీ తెలియదు. చిన్న తట్టు, అంతే. రీలు చుట్టి చూస్తే దారం చివర బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. అందుకే దారానికి, లూర్‌కు మధ్య ఆ పళ్లకు ఆగే గట్టి ముక్క ఒకటి కట్టాలి, దాన్నే లీడర్ అంటారు.

అప్పట్లో 40 పౌండ్ల బరువు దాకా తెగకుండా ఆగే ఫ్లోరోకార్బన్ దారం మీదే నమ్మకమంతా. నీళ్లలో పెద్దగా కనపడదు, రాళ్ల రాపిడికి బాగా ఆగుతుంది. కానీ కోనాం పళ్లు పలచని త్రికోణాలు, అంచులు కత్తుల్లా ఉంటాయి. 80 పౌండ్లకు మారితే కొంత మేలే, కాకపోతే అంత లావు దారానికి చిన్న లూర్ సరిగ్గా ఈదడం మానేసింది.

తర్వాత ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ పూత వైర్ లీడర్ల ప్యాకెట్ తెప్పించాను. డబ్బు దండగ. రెండో చేపకే పూత చిరిగి తీగలు పీచులా లేచాయి. ఒకదాని స్నాప్ (లూర్ తగిలించే కొక్కెం) తెరుచుకుని కొత్త లూర్ సముద్రం పాలైంది.

మూడేళ్లుగా నేను వాడుతున్నది సింగిల్ స్ట్రాండ్ స్టీల్ వైరు. గోధుమ రంగుది, 0.4 మిల్లీమీటర్ల మందం, దాదాపు 58 పౌండ్లు. జానెడు ముక్క చాలు. దాని పైన మీటరు 40 పౌండ్ల ఫ్లోరో. వైరుకు ముడి వెయ్యలేం, హేవైర్ ట్విస్ట్ అనే మెలికే వెయ్యాలి: వైరును ఉచ్చులా మడిచి, ఆ రెండు పోగులూ సమానంగా పెనవేసుకునేలా నాలుగు మెలికలు, ఆపైన ఐదు బిగుతు చుట్లు. మిగిలిన కొసను కటింగ్ ప్లేయర్‌తో కొయ్యకండి. పిడిలా వంచి తిప్పితే అదే విరుగుతుంది. కోస్తే మిగిలే మొన ఎంత పదునో నా బొటనవేలికి తెలుసు.

పెదజాలారిపేట నుంచి ఫైబర్ తెప్పలో వెళ్లిన రోజు, నా వెండి రంగు స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కీలు) చూసి తెప్ప పెద్దాయన అన్నాడు: "బాబూ, ఆ మెరిసేది తీసీ. కోనాం దాన్నే కొరుకుతాది." నవ్వాను. గంటలో సరిగ్గా స్వివెల్ పైనే తెగింది. ఆ రోజు నుంచి నల్లటి చిన్న స్వివెలే.

సింగిల్ స్ట్రాండ్ వైరు లోపం ఒకటే, మడత పడితే పనికిరాదు. సరిచేసి మళ్లీ వేస్తే అక్కడే తెగుతుంది. పెద్ద చేప పడిందంటే ఆ వైరు చుట్టుకుపోయి చెత్తబుట్టకే. 49 పోగుల వైరు మెత్తన, బతికున్న ఎరకు హాయి. కానీ దానికి స్లీవులు (వైరు మీద నొక్కి బిగించే చిన్న గొట్టాలు), వాటిని నొక్కే క్రింపింగ్ ప్లేయరు కావాలి, పైగా పోగులు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. టైటానియం ఏడాదికి పైగా వాడాను. వంగినా సాఫవుతుంది, తుప్పు లేదు. ధర మాత్రం గుండెల్లో గుచ్చుకుంటుంది, లూర్‌తో పాటు అదీ పోతే ఇంకా.

యారాడ దగ్గర నీళ్లు తేటగా ఉన్న పొద్దుల్లో చేప వెంట వచ్చి వెనక్కి తిరిగిపోతుంటే వైరు తీసేసి 60 పౌండ్ల ఫ్లోరో కడతాను. లూర్ పోయినా పోతుందని తెలిసే కడతాను. ప్రతి చేప తర్వాత చివరి జానెడూ వేళ్ల మధ్య నడిపి చూస్తాను, గరుకు తగిలితే కోసేస్తాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మోటారు పడవలకు వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో ఇంట్లో కూర్చుని లీడర్లు మెలేసి పెట్టుకుంటాను. ఈసారి ముప్పై చేశాను. ఆరు మిగిలాయి.