డ్రాగ్ ఇంజన్‌లో కొత్త చప్పుడు: వినడం, ఫిల్టర్ కోయడం, లీక్‌డౌన్, కంప్రెషన్… ఏది మేలు?

డ్రాగ్ రేసులో (తిన్నని ట్రాక్ మీద తక్కువ దూరం వేగపోటీ) రన్ సగంలో ఉండగా ఇంజన్ చప్పుడు మారింది, లేదా ఫినిష్ లైన్ దాటగానే ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. బండిని పిట్‌లోకి తోసుకురాగానే చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒక్కటే: “ఒకసారి స్టార్ట్ చెయ్, విందాం.” ఉన్న పరీక్షలన్నిటిలో ఖరీదైనది ఇదే. బేరింగ్ అరగడం మొదలైన ఇంజన్‌ని అక్కడే ఆపేస్తే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్‌తో బయటపడొచ్చు. మళ్లీ తిప్పితే రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చినా ఆశ్చర్యం లేదు.

అలాగని చెవిని పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. ఆయిల్ ప్రెషర్ మామూలుగానే ఉండి, వినిపించేది సన్నని టిక్ టిక్ మాత్రమే అయితే ఐడిల్‌లో కాసేపు వినొచ్చు. టైమింగ్ లైట్‌ని ఒక సిలిండర్ ప్లగ్ వైరుకి తగిలించండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే అది ఒకసారి మెరుస్తుంది (వేస్టెడ్ స్పార్క్ ఇగ్నిషన్ అయితే ప్రతి చుట్టుకీ మెరుస్తుంది, అక్కడ ఈ లెక్క కుదరదు). మెరుపుకి ఒక టిక్ అయితే వాల్వులని తెరిచే రాకర్, లిఫ్టర్, క్యామ్ వైపు చూడాలి. రెండు అయితే క్రాంక్ వైపు. దీన్ని తీర్పుగా తీసుకోవద్దు, సూచన మాత్రమే. పిస్టన్ స్లాప్ (పిస్టన్ సిలిండర్ గోడకి కొట్టుకునే చప్పుడు) కూడా చాలాసార్లు పవర్ స్ట్రోక్‌లోనే కొడుతుంది. హెడర్ (ఎగ్జాస్ట్ గొట్టాలు) గాస్కెట్ లీకు అచ్చం లిఫ్టర్ లాగే టిక్కుమంటుంది.

లోతుగా ఠక్ ఠక్‌మంటుంటే వెంటనే రాడ్ బేరింగ్ అనుకోకండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి అయితే ముందు కన్వర్టర్ కవర్ విప్పి ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్‌ని కన్వర్టర్‌కి కలిపే పల్చని ప్లేటు) చూడండి. క్రాంక్ బోల్టుల చుట్టూ పగిలినా, కన్వర్టర్ బోల్టు వదులైనా వచ్చే చప్పుడుకీ రాడ్ నాక్‌కీ తేడా పట్టడం కష్టం. పట్టే సమయం పది నిమిషాలు. ఇది చూడకుండా ఇంజన్ దించేవాళ్లు తక్కువేమీ కాదు.

మా లెక్కలో మొదటి ఓటు ఆయిల్ ఫిల్టర్‌కే. ఇంజన్‌ని ఒక్క చుట్టు కూడా తిప్పక్కర్లేదు, పైగా మిగతా పరీక్షలకి దొరకని కింది భాగం సంగతి ఇదొక్కటే చెబుతుంది. ఫిల్టర్‌ని హ్యాక్‌సా బ్లేడుతో కోయకూడదు, ఆ రజను కాగితంలో పడితే ఏది ఇంజన్‌దో ఏది బ్లేడుదో తెలియదు. డబ్బాని చుట్టూ కోసే ఫిల్టర్ కట్టర్ వాడాలి. కాగితాన్ని రెండు చివర్లా కోసి విడదీసి, వైస్‌లో పెట్టి నూనె పిండేసి, ఎండలోనో గట్టి లైటు కిందనో ఒక్కో మడతా తెరవాలి. ముందు అయస్కాంతం తిప్పండి. అంటుకున్నది ఉక్కు: క్యామ్ లోబ్, లిఫ్టర్ రోలర్ సూదులు, ఆయిల్ పంప్ డ్రైవ్. అంటుకోకుండా పల్చని బూడిదరంగు రేకులు మెరుస్తుంటే బేరింగ్ పైపొర. వాటి మధ్య రాగిరంగు కనిపించిందంటే పైపొర దాటి కింది పొర దాకా అరిగినట్టే, ఆ ఇంజన్ ఇక స్టార్ట్ చేయకూడదు. ఒక్క మెలిక ఉంది: డిస్ట్రిబ్యూటర్‌కి కంచు గేర్ ఉంటే, వాల్వ్ గైడ్లు కంచువైతే అదే రంగు వస్తుంది. ముందు ఆ గేర్ పళ్లు చూసుకోండి. కాస్త మందంగా, ముక్కలుగా ఉన్న తెల్లని లోహం అల్యూమినియం, అంటే పిస్టన్. ప్లగ్గులు తీసి పింగాణీ మీద అలాంటి చుక్కలే ఉంటే డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండడం) అని రూఢి అయినట్టే.

ఫిల్టర్ శుభ్రంగా ఉంటే పై భాగానికి రావాలి. వాల్వ్ కవర్లు తీసి ట్యాపెట్ గ్యాప్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు) అన్నిటికీ కొలవండి. ఒకచోట గ్యాప్ పెరిగితే పుష్‌రాడ్ వంగిందో, లిఫ్టర్ పోయిందో, వాల్వ్ వంగి సీటు మీద కూర్చోవడం లేదో చూడాలి. గ్యాప్ తగ్గితే వాల్వ్ సీటులోకి దిగుతోందని అర్థం.

ఇక అసలు పోటీ లీక్‌డౌన్‌కీ (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారుతుందో చూడడం) కంప్రెషన్‌కీ (ఇంజన్‌ని తిప్పి సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి కొలవడం) మధ్య. డ్రాగ్ ఇంజన్‌కి మా ఓటు అనుమానం లేకుండా లీక్‌డౌన్‌కే. పెద్ద క్యామ్ ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది కాబట్టి కంప్రెషన్ గేజ్ మంచి ఇంజన్‌లో కూడా తక్కువే చూపిస్తుంది. బ్యాటరీ నీరసపడితే ఇంకా తక్కువ. సిలిండర్ల మధ్య తేడా తప్ప ఆ అంకెకి విలువ లేదు. పైగా స్టార్టర్‌తో తిప్పాలి, వంగిన వాల్వ్ ఉంటే ఆ తిప్పుడే కొత్త నష్టం.

లీక్‌డౌన్‌లో పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ టీడీసీలో (పిస్టన్ పైకి పూర్తిగా చేరే చోటు) పెట్టి 100 పీఎస్‌ఐ గాలి ఇస్తాం. 4 అంగుళాల బోరులో పిస్టన్ మీద 1,250 పౌండ్లకు పైగా బరువు పడుతుంది. టీడీసీ కొంచెం తప్పినా క్రాంక్ తిరిగిపోతుంది, బ్రేకర్ బార్ వేసి గట్టిగా పట్టాలి, వేళ్లు దూరంగా ఉంచాలి. గాలి ఎక్కడినుంచి బుస్సుమంటుందో అదే జవాబు: థ్రాటిల్‌లో అయితే ఇన్‌టేక్ వాల్వ్, హెడర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వ్, బ్రీదర్‌లో అయితే రింగులు, రేడియేటర్‌లో బుడగలైతే హెడ్ గాస్కెట్. గాలి 5 శాతం లోపు కారితే బాగున్నట్టు. 10 దాటితే కన్నేసి ఉంచాలి. 20 దాటితే హెడ్ విప్పాలి. నైట్రస్‌కో టర్బోకో రింగ్ గ్యాప్ వదులుగా పెట్టినచోట చల్లటి ఇంజన్ ఎక్కువే చూపిస్తుంది, అందుకే బాగున్న రోజున కొలిచి రాసుకున్న అంకెతోనే పోల్చాలి.

ఒక హెచ్చరిక. రాడ్ బేరింగ్ పూర్తిగా పోయిన సిలిండర్‌లోనూ లీక్‌డౌన్ 3 శాతమే రావొచ్చు. రింగులు, వాల్వులు బాగున్నాయి కదా మరి. విరిగిన వాల్వ్ స్ప్రింగ్ కూడా చాలాసార్లు దీనికి చిక్కదు, లోపలి స్ప్రింగే వాల్వ్‌ని సీటు మీద నిలబెడుతుంది. పై ఆర్‌పీఎంలో మాత్రమే మిస్ అవుతుంటే హెడ్ మీదే సీట్ ప్రెషర్ కొలవండి, కొత్తప్పటి అంకె కంటే 10 శాతం తగ్గినవి మార్చేయండి.

ఫిల్టర్‌లో బేరింగ్ లోహం దొరికిన ఇంజన్‌ని బాగుచేశాక ఆయిల్ కూలర్ కూడా మార్చాలి. దాని సన్నని గొట్టాల్లో ఇరుక్కున్న రేకులు ఎంత కడిగినా పూర్తిగా రావు, కొత్త బేరింగ్ మీదికే వస్తాయి. డ్రై సంప్ (ఆయిల్‌ని వేరే ట్యాంకులో ఉంచే పద్ధతి) ఉంటే ట్యాంకు, స్కావెంజ్ పంప్ (ఇంజన్ అడుగు నుంచి ఆయిల్ లాగేది) విప్పి కడిగి, లైన్లు కొత్తవి వేయాలి.