‘స్వేచ్ఛగా తిరిగే నాటుకోడి గుడ్లు’ అంటూ ఇంటికి తెచ్చిస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో మా వైపు అపార్ట్‌మెంట్లలో ఈ మధ్య నాటుకోడి గుడ్ల చందా బాగా నడుస్తోంది. నెల డబ్బు ముందే కట్టేస్తే వారానికోసారి గుమ్మం దగ్గర పెట్టె పెట్టి వెళ్తారు. పెట్టె మీద మామిడిచెట్టు బొమ్మ, దాని కింద గడ్డిలో తిరుగుతున్న కోళ్ళు, ‘పంజరాలు లేవు, హింస లేదు’ అన్న మాట ఉంటాయి. ధర మామూలు తెల్ల గుడ్డుకు దాదాపు మూడింతలు. ఆ గుడ్లు పెట్టే కోళ్ళు మాత్రం పంజరాల్లోనే ఉన్నాయి. షెడ్డు లోపలికి వెళ్ళి కళ్ళారా చూసి వచ్చాకే ఇది రాస్తున్నాను.

అమ్మేవాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, అదొక కారణం. పేరు పెడితే ‘వాళ్ళ దగ్గర కొనకపోతే సరి’ అనుకుని ఇదే పద్ధతిలో అమ్మే ఇంకొకరి దగ్గర చేరతారు, అది రెండో కారణం.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. తెల్ల గుడ్లు అమ్మే ఫారం రైతుల మీద నాకు ఫిర్యాదు లేదు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తమిళనాడుది రెండోది, తెలంగాణది మూడోది. తణుకు, అనపర్తి వైపు వెళ్తే రోడ్డు మీద నుంచే పొడవాటి షెడ్లు కనబడతాయి. ఆ రైతు తన కోళ్ళు చెట్ల కింద తిరుగుతున్నాయని ఎవరికీ చెప్పడు, నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) చెప్పే రేటుకు అమ్ముకుంటాడు. ఆ పంజరాల పద్ధతి నాకు నచ్చదు, అది వేరే గొడవ. కానీ ఆయన నన్ను మోసం చేయడం లేదు. వీళ్ళు చేశారు.

మొదట అనుమానం వచ్చింది మా అత్తయ్యకి. ఆవిడ ఖమ్మం జిల్లా పల్లెలో కోళ్ళు పెంచిన మనిషి. వారం వారం ఒకే సైజు, ఒకే రంగు గుడ్లు వస్తుంటే పెట్టె ముందు పెట్టుకుని, “ఏమ్మా, వీళ్ళ పెట్టలు పొదుగుకు కూర్చోవా? ఎండాకాలంలో కూడా ఒక్క గుడ్డు తగ్గదేం?” అంది. నాటు పెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. పిల్లల్ని లేపి, వాటి వెంట తిరిగి, మళ్ళీ గుడ్డుకు వచ్చేసరికి నెలలు పడుతుంది. మొత్తం మీద ఏడాదికి 60 గుడ్లు పెడితే మంచి పెట్టే. ఫారంలో గుడ్ల కోసమే పెంచే హైబ్రిడ్ కోడి, అంటే లేయర్, 300 దాటి పెడుతుంది.

ఆ రాత్రి వాళ్ళ పేజీ తెరిచి చూశాను. ‘రోజుకు 2,000 నాటుకోడి గుడ్లు నగరానికి’ అని గొప్పగా రాసుకున్నారు. లెక్క వేశాను. పెట్టకు ఏడాదికి 60 చొప్పున రోజూ 2,000 గుడ్లు రావాలంటే 12,000 పైగా పెట్టలు కావాలి. అవన్నీ ఆరుబయట తిరగాలంటే చోటు కావాలి. యూరప్‌లో ఆరుబయట తిరిగే కోళ్ళ గుడ్లు అని అమ్మాలంటే కోడికి కనీసం 4 చదరపు మీటర్ల బయలు చూపించాలి. ఆ లెక్కన 12,000 కోళ్ళకు దాదాపు 12 ఎకరాలు. వీళ్ళ ఫారం రెండెకరాలని వాళ్ళ వీడియోలోనే ఉంది.

వెళ్ళి చూస్తామని మెసేజ్ పెట్టాను. ముందు ‘బయో సెక్యూరిటీ’ అన్నారు. ఆ మాటను కొట్టిపారేయలేం. బర్డ్ ఫ్లూ భయంతో ఏ ఫారం వాళ్ళైనా బయటివాళ్ళని షెడ్డులోకి రానివ్వరు, చెప్పులు మార్పిస్తారు, కాళ్ళు మందు నీళ్ళలో ముంచమంటారు. కానీ ఆరుబయట తిరిగే కోళ్ళని కంచె బయట నిలబడి చూడొచ్చు కదా అంటే జవాబు లేదు. చివరికి ఒక ఆదివారం మా వారు, నేను బెంగళూరు రోడ్డు పట్టుకుని వెళ్ళాం. ఓనర్ లేడు. సూపర్‌వైజర్ కుర్రాడు మంచివాడు, చెప్పులు విప్పించి లోపలికి తీసుకెళ్ళాడు.

గేటు దగ్గర మామిడిచెట్టు ఉంది. దాని కింద వల కట్టిన చిన్న దొడ్డిలో ఇరవై దాకా కోళ్ళు, ఒక పుంజు. ఫొటోలో ఉన్న చెట్టు అదే. “మిగతావి ఏవి?” అంటే ఆ అబ్బాయి ఏమాత్రం తడుముకోకుండా, “ఇవి ఫొటో కోళ్ళు మేడమ్, గుడ్ల కోళ్ళు వెనక షెడ్లో ఉంటాయి” అన్నాడు.

వెనక షెడ్డులో వరసలు వరసలుగా కమ్మీల బోన్లు. కింద పెంట గుట్టలు, కళ్ళు మండేంత అమ్మోనియా ఘాటు. బోనుకు నాలుగేసి ఎర్ర లేయర్లు. ఒక్కో కోడికి దక్కే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. రెక్క చాపడానికి లేదు, ఒకటి అటు తిరగాలంటే మిగతా మూడూ జరగాలి. కాళ్ళ కింద కూడా కమ్మీలే, అవి వాలుగా ఉంటాయి. గుడ్డు పెట్టగానే దొర్లి ముందున్న గాడిలోకి వచ్చేస్తుంది, ఏరుకోవడం తేలిక.

నా ముందున్న బోనులో ఒక కోడిని చాలాసేపు చూశాను. పై ముక్కు సగానికి కత్తిరించి ఉంది, కింది ముక్కు దానికంటే ముందుకు పొడుచుకొచ్చింది. దాణా తొట్టి కోసం మెడ బయటికి పెట్టీ పెట్టీ కమ్మీ ఒరుసుకుని మెడ ముందు వైపు ఈకలు పోయాయి, ఎర్రటి చర్మం కనబడుతోంది. నేలని గీరే పని లేక గోళ్ళు పెరిగి వంకర తిరిగాయి. మెడ బయటికి పెట్టి నా చున్నీ అంచుని ఆ మొండి ముక్కుతో పట్టుకోబోయింది, దొరకలేదు.

ముక్కులు ఎందుకు కోస్తారో తెలియని వాళ్ళకి: ఇరుకులో కోళ్ళు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి, ఈకలు పీక్కుంటాయి. అందుకని పిల్లలుగా ఉన్నప్పుడే, సాధారణంగా పది రోజుల వయసులో, కాలిన బ్లేడుతో ముక్కు కొన కోసేస్తారు. పెరిగాక మళ్ళీ ఒకసారి కోసేవాళ్ళూ ఉన్నారు. ముక్కు అంటే గోరులాంటిది కాదు, లోపల నరాలుంటాయి. ఏడాదికి 300 గుడ్ల పెంకులకి కావలసిన సున్నం సరిపోక ఒంట్లోని ఎముకల నుంచి లాగుతుంది కాబట్టి ముదిరిన లేయర్లకి ఎముకలు గుల్లబారతాయి, పట్టుకుని తీసేటప్పుడే విరుగుతుంటాయి. ఈ జాతుల్లో పుట్టే మగపిల్లలు గుడ్డూ పెట్టవు, బ్రాయిలర్‌లా మాంసమూ పట్టవు. అందుకే పిల్లల్ని పొదిగించే చాలా హేచరీల్లో పుట్టిన రోజే వాటి పని ముగుస్తుంది. సంతల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి పిల్లలకు అమ్మే కోడిపిల్లల్లో చాలా మటుకు ఇవే. మగపిల్లల్ని పుట్టగానే ఇలా చంపడాన్ని జర్మనీ 2022 జనవరి నుంచి నిషేధించింది.

ఇదంతా మన చట్టానికి తెలియని సంగతి కూడా కాదు. కదలడానికి తగినంత ఎత్తు, పొడవు, వెడల్పు లేని బోనులో జంతువును ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లోనే ఉంది. గుడ్ల కోళ్ళ గురించి, బ్రాయిలర్ల గురించి లా కమిషన్ 2017లో ప్రత్యేకంగా 269వ నివేదిక ఇచ్చింది. షెడ్లు మాత్రం మీరు చూస్తున్నట్టే ఉన్నాయి.

ఇప్పుడు అసలు హెచ్చరిక. కొనేవాళ్ళు వేటిని చూసి నమ్ముతున్నారో అవేవీ కోడి ఎలా బతుకుతోందో చెప్పవు.

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. ఎర్ర గుడ్లు పెట్టే హైబ్రిడ్ లేయర్లు బోనులో ఉన్నా ఎర్ర గుడ్డే పెడతాయి, తెల్ల లెగ్‌హార్న్ మీ పెరట్లో తిరిగినా తెల్లదే పెడుతుంది. కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుందని అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కోడి నలుపే గానీ గుడ్డు లేత గోధుమ రంగులోనే ఉంటుంది. నల్ల గుడ్డు చూపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

పచ్చసొన ముదురు నారింజ రంగులో ఉంటే నాటుదని మనకో నమ్మకం. సొన రంగు తిండిని బట్టి వస్తుంది. దాణాలో మొక్కజొన్న ఎక్కువ వేసినా, బంతిపూల సారం కలిపినా బోనులో కోడికి కూడా అదే రంగు వస్తుంది. అందులో కల్తీ ఏమీ లేదు, కానీ రుజువు కూడా కాదు.

ఇక వాట్సాప్‌లో తిరిగే నిమ్మకాయ పరీక్ష. నిమ్మరసమో వెనిగరో రాస్తే రంగు పోతే టీ నీళ్ళలో ముంచిన దొంగ గుడ్డు అంటారు. ఎర్ర గుడ్డుకు సహజమైన రంగు కూడా పెంకు పైపొరలోనే ఉంటుంది. పులుపు తగిలితే పెంకు కరుగుతుంది, దాంతో ఆ రంగూ ఊడి వస్తుంది. ఈ పరీక్షతో నిజంగా పెరటి కోళ్ళు పెంచే ఆమెను దొంగని చేస్తారు, హైబ్రిడ్ ఎర్ర గుడ్డు అమ్మేవాడిని పట్టుకోనూ లేరు. ఆ గుడ్డుకు రంగు వేయక్కర్లేదు కదా.

పెట్టె మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు చూపించి ‘మేము సర్టిఫైడ్’ అన్నారు నాతో. అది ఆహార వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చే లైసెన్సు. కోడి పంజరంలో ఉందా, చెట్టు కింద ఉందా అన్నదానికి దానితో సంబంధం లేదు. ‘ఆర్గానిక్’ అంటే ప్రభుత్వ ఆర్గానిక్ గుర్తు, సర్టిఫికెట్ నంబరు అడగండి. అడిగితే మాట మారుస్తారు, నాకు అదే అయింది.

ఓనర్‌కి ఫోన్ చేసినప్పుడు ఏమన్నాడో కూడా చెప్పాలి. మొదట ‘కొత్త షెడ్డు కట్టేదాకా తాత్కాలికంగా పెట్టాం’ అన్నాడు. ఆ కమ్మీల తుప్పు చూసినవాళ్ళెవరూ తాత్కాలికం అనరు. తర్వాత అసలు మాట వచ్చింది: “గుడ్డు బాగుంది కదా మేడమ్, కోడి ఎక్కడుంటే మీకేంటి?” కోడి ఎక్కడుందో చెప్పే కదా మూడింతలు తీసుకున్నావు బాబూ అన్నాను. ఒక అట్ట గుడ్లు ఫ్రీగా పంపిస్తానన్నాడు. వారం తిరక్కుండా పేజీలో ‘పంజరాలు లేవు’ అన్న ముక్క మాయమైంది, మామిడిచెట్టు ఫొటో మాత్రం ఉంది.

కొనే ముందు అడగాల్సినవి నాకు తోచినంత వరకు ఇవీ. ఏ జాతి కోడి అని అడగండి. నిజంగా పెరట్లో పెంచేవాళ్ళు కూడా చాలామంది వనరాజా, గ్రామప్రియ లాంటివి పెంచుతున్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలవి, నాటు పెట్ట కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. అలా పెంచితే తప్పేమీ కాదు, ఆ పేరు చెప్పి అమ్మితే చాలు. ఎన్ని కోళ్ళు, ఎంత స్థలం, రోజుకు ఎన్ని గుడ్లు అని అడిగి మీరే లెక్క వేసుకోండి. ముక్కులు కోస్తారా అని సూటిగా అడగండి. వీడియో కాల్‌లో ఫారం చూపించమనండి, చెట్టు కింద కోళ్ళని కాదు, గుడ్లు ఏరే చోటుని. ఏడాది పొడవునా ఒక్క వారం కూడా గుడ్లు తగ్గకుండా పంపుతామని హామీ ఇస్తుంటే అనుమానించండి. మాకు ఇప్పుడు చేవెళ్ళ వైపు నుంచి ఒకామె గ్రామప్రియ గుడ్లు తెచ్చిస్తోంది. కొన్ని వారాలు ‘లేవమ్మా’ అని ఫోన్ చేస్తుంది. అత్తయ్యకి ఆ ఫోన్ వస్తేనే నమ్మకం.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి కొంత సుఖం. యూరప్ దేశాల్లో గుడ్డు మీదే అంకె ముద్ర ఉంటుంది: 0 అంటే ఆర్గానిక్, 1 ఆరుబయట తిరిగేవి, 2 షెడ్డులో నేల మీద పెరిగేవి, 3 పంజరం. పాత తరహా ఇరుకు పంజరాలు అక్కడ 2012 నుంచి నిషిద్ధం. బ్రిటన్‌లోనూ ఇదే ముద్ర. అమెరికాలో ‘కేజ్ ఫ్రీ’ అని ఉంటే పంజరం లేదనే అర్థం, ఆరుబయట తిరుగుతున్నాయని కాదు. వేల కోళ్ళు ఒకే షెడ్డులో ఉండొచ్చు.

ఇప్పటికే చందా కట్టి ఉన్నవాళ్ళు ముందు వాళ్ళ పేజీని, పెట్టెను, డబ్బు కట్టిన రసీదును ఫొటోలు తీసి పెట్టుకోండి. మాటలు మార్చేస్తున్నారు కాబట్టి తేదీ కనబడేలా తీయండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. ‘గుడ్డు బాగాలేదు’ అని చెప్పొద్దు, అక్కడే కేసు నీరుగారిపోతుంది. ‘పంజరాలు లేవని ప్రకటించి పంజరం కోళ్ళ గుడ్లు అమ్మారు, ఇది తప్పుదోవ పట్టించే ప్రకటన’ అని చెప్పండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దీనికి 10 లక్షల దాకా జరిమానా వేసే వీలుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలంటే కొన్న సరుకు విలువ 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. మా బ్లాకులో చందా కట్టిన ఇళ్ళన్నీ కలిసి వేస్తున్నాం. మామిడిచెట్టు బొమ్మ ఉన్న ఆ పెట్టె మీ ఇంటికీ వస్తుంటే, మీ రసీదు కూడా మాతో జత చేయాలనుకుంటే, కింద కామెంట్లో ఆ మాట చెప్పండి. ఫోన్ నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టొద్దు, నేనే మెసేజ్ చేస్తాను.