రెడ్‌బ్రెస్ట్ 15 ఏళ్లది: సీసా అడుక్కి వచ్చాక

రెడ్‌బ్రెస్ట్ అనే ఈ ఐరిష్ విస్కీ మీద మొదటి పెగ్గుకే అభిప్రాయం చెప్పేస్తే దానికి అన్యాయం చేసినట్టే. మూత తీసిన రోజు ముక్కుకి తగిలింది చెక్క వాసన, ఘాటు, అంతే. సీసాలో మందు భుజాల కిందికి దిగి లోపల కాస్త గాలి ఆడాక అసలు సరుకు బయటపడింది. చలికాలమంతా అడపాదడపా దీంతోనే గడిపాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

ఐర్లండ్‌లో కార్క్ కౌంటీలోని మిడిల్టన్ డిస్టిలరీలో తయారయ్యే సింగిల్ పాట్ స్టిల్ విస్కీ ఇది. అంటే మొలకెత్తించిన బార్లీతో పాటు మొలకెత్తించని పచ్చి బార్లీ కూడా కలిపి, రాగి పాట్ స్టిల్స్‌లో, అంటే కుండలాంటి బట్టీల్లో, మూడుసార్లు కాచి దించుతారు. అప్పట్లో మొలక బార్లీ మీద పన్ను వేస్తే దాన్ని తప్పించుకోడానికి పచ్చి బార్లీ కలపడం బాగా పెరిగిందంటారు. పన్ను ఎగ్గొట్టే తెలివిలోంచి ఇంత రుచి పుట్టిందంటే నాకు భలే సరదాగా ఉంటుంది. నోట్లో ఆ నూనె జిడ్డు, ఆ మిరియాల చురుకు ఎక్కువగా ఆ పచ్చి బార్లీ పుణ్యమే. ఆ తర్వాత బోర్బన్ (అమెరికన్ విస్కీ) పట్టిన పీపాల్లో, ఒలరోసో షెర్రీ (ఒక రకం స్పానిష్ వైన్) పట్టిన పీపాల్లో మాగబెడతారు. సీసా మీద 15 అని ఉంటే లోపల కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి 15 ఏళ్లు అని అర్థం. ఇంకో మాట, వయసు పీపాలోనే పెరుగుతుంది, సీసాలో కాదు. బీరువాలో పదేళ్లు దాస్తే 25 అయిపోతుందనుకునేవాళ్లు మన బ్యాచ్‌లో ఇంకా ఉన్నారు!

గ్లాసులో పోసి పావుగంట ముట్టుకోకుండా వదిలేయండి. ముందు ఎండు ద్రాక్ష, ఖర్జూరం, కాస్త ఆగితే మాగిన యాపిల్, వెనకాల దాల్చినచెక్క. నోట్లోకి తీసుకోగానే మీగడలా నాలుకంతా పరుచుకుంటుంది, తీపి వస్తుందనుకునే లోపే శొంఠి, లవంగం, ఓక్ వగరు ఎక్కేస్తాయి. మింగాక కూడా ఆ వగరు, మిరియాల వెచ్చదనం చాలాసేపు వదలవు. 46 శాతం ఆల్కహాల్ కదా, మూడు నాలుగు చుక్కల నీళ్లు పడితే ఘాటు తగ్గి పళ్ల వాసన ముందుకొస్తుంది. నాకు అలాగే ఇష్టం. చిల్ ఫిల్టరింగ్ (చల్లబరిచి వడకట్టడం) చేయరు కాబట్టి ఐస్, నీళ్లు ఎక్కువైతే కొంచెం మసకబారొచ్చు, కల్తీ అని కంగారుపడకండి. సోడా, కోక్ జోలికి మాత్రం పోవద్దు.

చాలామంది అడిగేది రెడ్‌బ్రెస్ట్‌లోనే 12 ఏళ్లదానికీ దీనికీ తేడా ఏంటని. 12లో తీపి ఎక్కువ, మెత్తగా ఉంటుంది, 40 శాతమే. 15లో తీపి తగ్గి మసాలా, చెక్క పెరుగుతాయి. నా లెక్కలో ఆ తేడాలో సగం పైన ఆ 6 శాతానిదే, మూడేళ్ల వయసుది కాదు. రెండూ పక్కపక్కన పోసి చూస్తే కొత్తవాళ్లు 12నే బాగుందంటారు, వాళ్లని తప్పు పట్టలేం.

మంచింగ్ సంగతికొస్తే చికెన్ ఫ్రై, మిర్చి బజ్జీ పక్కన పెడితే డబ్బులు బూడిదలో పోసినట్టే, కారం ముందు ఇది గుటకలో మాయం. వేయించిన జీడిపప్పు, ఉప్పు తక్కువగా, అది చాలు. డార్క్ చాక్లెట్ కూడా బాగా కుదిరింది.

ఒక ఇబ్బంది ఉంది. సీసాలో మూడో వంతు మిగిలాక పళ్ల వాసన పలచబడి చెక్కే మిగులుతోంది. అక్కడికి వచ్చాక గాలి ఎక్కువ తగలకుండా చిన్న సీసాలోకి నిండుగా పోసి పెట్టుకోండి, లేదా ఫ్రెండ్స్‌ని పిలిచి ఖాళీ చేసేయండి.

ధర మాత్రం 12 కన్నా బాగా ఎక్కువ. ఎవరైనా గిఫ్ట్ ఇస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. సొంత డబ్బుతో అయితే నా చెయ్యి ఈసారి 12 ఏళ్ల క్యాస్క్ స్ట్రెంగ్త్ (నీళ్లు కలిపి పలచన చేయకుండా పీపా ఘాటుతోనే సీసాకెక్కించేది) వైపు పోతుంది: బ్యాచ్‌ని బట్టి ఘాటు మారుతుంది గానీ, నీళ్లు ఎంత కలపాలో మన చేతిలోనే ఉంటుంది.