టిరోల్, గొరీత్సియా: హాబ్స్‌బర్గుల రెండు కౌంటీలు

ఆల్ప్స్ పర్వతాల్లోని టిరోల్ 1363లో, నేటి ఇటలీ-స్లొవేనియా సరిహద్దులోని గొరీత్సియా 1500లో ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం చేతికొచ్చాయి. జనాభాలో పోటీయే లేదు. 1910 లెక్కల్లో టిరోల్‌లో దాదాపు తొమ్మిదిన్నర లక్షల మంది. గొరీత్సియా-గ్రాడిస్కాలో (గొరీత్సియా కౌంటీకి అప్పటి పూర్తి పేరు) రెండు లక్షల అరవై వేలు. టిరోల్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లది మెజారిటీ, గొరీత్సియాలో స్లోవీన్లది. రెండు చోట్లా రెండో స్థానం ఇటాలియన్లదే.

నన్నడిగితే, చదవడానికి గొరీత్సియా చరిత్రే ఆసక్తికరం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత టిరోల్‌ను బ్రెన్నర్ కనుమ దగ్గర విడగొట్టి దక్షిణ భాగాన్ని ఇటలీకిచ్చారు. గొరీత్సియా మొత్తం ఇటలీకే పోయింది. తీరా 1947లో ఇటలీ, యుగోస్లావియాల సరిహద్దును గొరీత్సియా ఊరి అంచునే గీశారు. 1906 నాటి రైల్వే స్టేషన్ యుగోస్లావియాకి, దాని ముందున్న కూడలిలో కొంత ఇటలీకి! పాత ఊరు దక్కని యుగోస్లావియా, మరుసటి ఏడాదే పక్కన నోవా గొరీత్సా అనే కొత్త పట్నం కట్టడం మొదలుపెట్టింది. కూడలిలోని కంచె 2004లో గానీ పోలేదు.