విమాన దూరాలు చూపే వెబ్‌సైటు: కిలోమీటర్లు సరే, నిమిషాలే తప్పు

రెండు విమానాశ్రయాల పేర్లు ఇస్తే వాటి మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని చూపే ఒక వెబ్‌సైటును నేను కొంతకాలంగా వాడుతున్నాను. మాది శ్రీకాకుళం. అమ్మ వైద్యం కోసం తరచుగా హైదరాబాదు వెళ్లవలసి రావడంతో దీని అవసరం పడింది.

దూరం విషయంలో దీనికి వంక పెట్టలేను. విశాఖపట్నం నుంచి శంషాబాదుకు 512 కిలోమీటర్లు, అంటే 276 నాటికల్ మైళ్లు అని చూపింది. అట్లాసు ముందు పెట్టుకుని సరిచూశాను. రెండు విమానాశ్రయాలకూ అక్షాంశంలో తేడా అర డిగ్రీయే, రేఖాంశంలో తేడా దాదాపు 4.8 డిగ్రీలు, మన ప్రాంతంలో ఒక్కో రేఖాంశ డిగ్రీకి సుమారు 106 కిలోమీటర్లు వస్తాయి కనుక లెక్క కుదిరింది. రోడ్డు మీద వెళ్తే ఈ దూరం 600 కిలోమీటర్లు దాటుతుంది. ఫోనులోనూ పేజీ వెంటనే తెరుచుకుంటుంది.

చిక్కంతా సమయంతోనే వచ్చింది. అదే పేజీ ప్రయాణ సమయం 38 నిమిషాలని చెబుతోంది. 512ను గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. ఇంత దగ్గరి దూరంలో విమానం పైకి ఎక్కి పూర్తి వేగం అందుకున్న కాసేపటికే కిందికి దిగడం మొదలుపెట్టాలి. పైగా టైంటేబుల్లో వేసే సమయాన్ని విమానం నిలిచిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల పూర్తిగా ఆగే వరకు లెక్కిస్తారు. అందుకే టిక్కెట్టు మీద గంటా పది, గంటా ఇరవై నిమిషాలు ఉంటుంది. పంకాలతో నడిచే ఏటీఆర్ విమానమైతే ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. చలికాలంలో పడమటి గాలులు హైదరాబాదు వెళ్లే విమానానికి ఎదురవుతాయి. వీటిలో ఒక్కటీ ఆ 38లో లేదు.

టిక్కెట్టు కొనక ముందే ఆ సంఖ్యను నమ్మి డాక్టరుగారి దగ్గర ఉదయం పదిన్నరకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి కారులో బయలుదేరి, రణస్థలం, తగరపువలస, ఆనందపురం మీదుగా దాదాపు 115 కిలోమీటర్లు వెళ్లేసరికి ఏడున్నర అయింది. విమానం ఆలస్యం లేకుండా 8.50కి కదిలి 10.10కి శంషాబాదులో ఆగింది. చక్రాల కుర్చీ, సామాను, ఎక్స్‌ప్రెస్‌వే దాటాక ఎదురైన ట్రాఫిక్ అన్నీ కలిసి ఆసుపత్రి చేరేసరికి పావు తక్కువ పన్నెండు. అప్పటికే అమ్మ పేరు పిలిచేశారు. స్కాను కవరు ఒడిలో పెట్టుకుని, దాని అంచును వేళ్లతో సరిచేస్తూ ఆవిడ మధ్యాహ్నం మూడింటి వరకు ఆ బల్ల మీదే కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తప్పు మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కనుక దూరం కోసం ఈ వెబ్‌సైటును నిశ్చింతగా వాడవచ్చు. సమయం కోసం టిక్కెట్టునే చూడాలి, దానికి ఇంటి నుంచి విమానాశ్రయానికి పట్టే సమయాన్నీ కలుపుకోవాలి. నిర్వాహకులు ఆ నిమిషాల పక్కన "గాలిలో, పూర్తి వేగంతో మాత్రమే" అని ఒక్క ముక్క రాస్తే చాలు.

విశాఖకూ శ్రీకాకుళానికీ మధ్య కొత్త విమానాశ్రయానికి ఎంచుకున్న భోగాపురం నుంచి హైదరాబాదుకు నేను స్వయంగా లెక్క వేసి చూస్తే గగనదూరం విశాఖ కంటే 30 కిలోమీటర్లు ఎక్కువే వచ్చింది. అయినా శ్రీకాకుళం నుంచి కారులో వెళ్లవలసిన దూరం మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ పేజీలో ఆ ప్రయాణం పెరిగినట్టే కనిపిస్తుంది.