సాంక్రీ గైడు, మొండి మరిది, చూడని చెరువు

ఉత్తరాఖండ్ కొండల్లోని హర్ కీ దూన్ లోయకు నడిచి వెళ్ళేందుకు సాంక్రీ అనే ఊళ్ళో గైడును మాట్లాడుకునేటప్పుడు మా చెల్లెలు డబ్బు సంగతి ఎత్తలేదు. ముందుగా "మీ సర్టిఫికెట్లు ఒకసారి చూడవచ్చా?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంద్రకీలాద్రి మెట్లెక్కితేనే ఆయాసపడే మేము, ఆ కొండల్లో పుట్టి పెరిగిన మనిషిని కాగితాలు అడగడమా అనిపించింది. అతను మాత్రం ఏమీ అనుకోలేదు. లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో రేషన్ కార్డు, పిల్లల మార్కుల జాబితాలు, వాటి మధ్య ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఇచ్చిన మూడు కాగితాలు ఉన్నాయి. "ఈ సంవత్సరం అడిగినవాళ్ళలో మీరు మూడోవారు" అన్నాడు, మెచ్చుకుంటున్నట్టుగానే.

మా చెల్లెలి పట్టుదలకు కారణం ఉంది. రెండేళ్ళ కిందట డిసెంబరులో ఇదే సాంక్రీ నుంచి కేదార్‌కాంఠ ఎక్కాం. నగరంలో ఆఫీసు ఉన్న ఒక సంస్థ ద్వారా వెళ్ళాం. టెంట్లు, భోజనం, స్లీపింగ్ బ్యాగులు దేనికీ వంక పెట్టలేం. సాయంత్రం వేడి పకోడీలు కూడా పెట్టారు. మాతో వచ్చిన ట్రెక్ లీడరు మర్యాదస్తుడు, మాటకారి. శిఖరానికి బయలుదేరే ముందు రాత్రి మాలో ఒకావిడకు తలనొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. అతను ఒక మాత్ర ఇచ్చి, పడుకుంటే సర్దుకుంటుందన్నాడు. తెల్లవారుజామున మూడు గంటలకు అందరితోపాటు ఆమెనూ లేపి నడిపించాడు. 3,810 మీటర్ల శిఖరం ఇంకా గంట దూరం ఉందనగా ఆమె తూలడం మొదలుపెట్టింది. చలికి అనుకున్నాం. వెనక వస్తున్న స్థానిక సహాయకుడు, పాతికేళ్ళు కూడా లేని కుర్రవాడు, ఆమె నడక చూసి లీడరును అడగకుండానే చేయి పట్టుకుని కిందికి దింపేశాడు. మధ్యాహ్నానికి ఆమె కోలుకుని టీ తాగుతూ కనిపించింది.

ఎత్తైన చోట తలనొప్పి, వాంతులు ఉన్నప్పుడు ఇంకా పైకి వెళ్ళకూడదనీ, తాగినవారిలా తూలడం మెదడు వాపునకు గుర్తు కావచ్చనీ, దానికి మొదటి మందు కిందికి దిగడమేననీ ఇంటికొచ్చాక చదువుకున్నాం. ఇలాంటప్పుడు వాడే డయామాక్స్ మాత్ర శరీరం ఎత్తుకు అలవాటు పడేందుకు సాయం చేస్తుంది. లక్షణాలు కనిపిస్తున్నా ఎక్కేయవచ్చని అది ఇచ్చే అనుమతి కాదు. ఆ లీడరు చేసింది పది రోజుల సాహస శిక్షణ ఒకటేనని కూడా తర్వాతే తెలిసింది. ఇక ఆమెను కాపాడిన కుర్రవాడి దగ్గర ఏ కాగితమూ లేదు. ఈ రెండో సంగతి మా చెల్లెలు ఎవరికీ చెప్పదు, తన వాదన బలహీనపడుతుందని. నేను చెబుతాను.

ఎందుకంటే ఆ కాగితాల అర్థం మనలో చాలామందికి తెలియదు. అప్పట్లో నాకూ తెలియదు. ఉత్తరకాశీ సంస్థ 1965లో మొదలైంది. డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ అంతకన్నా పాతది, 1954 నాటిది. మనాలీలో, పహల్గాంలో కూడా ఇలాంటి సంస్థలున్నాయి. వీటిలో బేసిక్ కోర్సు సుమారు నాలుగు వారాలు ఉంటుంది. తాడు ముడులు, మంచు మీద నడక, జారితే మంచు గొడ్డలితో ఆపుకోవడం నేర్పుతారు. అయితే అది విద్యార్థి కోర్సు. తాను ఎలా ఎక్కాలో చెబుతుంది కానీ పదిమందిని ఎలా నడిపించి తీసుకురావాలో అందులో ప్రధానం కాదు. అందులో 'ఎ' గ్రేడు వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సుకు దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాతే శిక్షకులకు బోధన పద్ధతుల కోర్సు, గాలింపు-రక్షణ కోర్సు. మా గైడు మూడో కాగితం ఈ చివరిదే. దానికి తోడు ప్రథమ చికిత్స శిక్షణ ఎప్పుడు తీసుకున్నారో కూడా అడగాలి. ఇప్పుడు మన ఊళ్ళలో "నేను బేసిక్ చేశాను" అంటూ వాట్సాప్‌లో బృందాలు కూడగట్టి తీసుకెళ్ళేవారు ఎక్కువయ్యారు. ఈత నేర్చుకున్నవాడు పడవ నడుపుతానన్నట్టు ఉంటుంది అది.

ప్రపంచంలో దీనికి మించిన కొలమానం పర్వత గైడ్ల అంతర్జాతీయ సమాఖ్యది. అది కూడా 1965లోనే పుట్టింది. నేపాల్ అందులో సభ్యదేశం. ఆ బ్యాడ్జికి ఏళ్ళ తరబడి శిక్షణ, పరీక్షలు ఉంటాయి. హర్ కీ దూన్ లాంటి నడకదారికి అంత అక్కర లేదు. అంత ఉన్నా కొండ దయ చూపుతుందన్న హామీ లేదు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచుచరియ విరుచుకుపడింది. ఉత్తరకాశీ సంస్థ బృందంలో 29 మందిని మింగేసింది. వారిలో ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు, మకాలూ ఎక్కి వచ్చిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా ఉన్నారు.

కాగితాలు చూశాక మా చెల్లెలు ఇంకో ప్రశ్న వేసింది. "హర్ కీ దూన్‌లో రాత్రి మాలో ఎవరికైనా ఊపిరి అందకపోతే ఏం చేస్తారు?" అతను ఆలోచించలేదు. రాత్రే దించుతాను, సీమా దాకా నడవగలిగితే నడిపించి, లేకపోతే వీపున మోసి. అక్కడ కంచరగాడిద దొరుకుతుంది, తాలూకాలో ఫలానా జీపు డ్రైవరు నిద్ర లేస్తాడు, మోరీలో మొదటి చికిత్స, అక్కడ కుదరకపోతే పురోలా. అన్నీ ఊళ్ళ పేర్లతో, గంటల లెక్కతో చెప్పాడు. నా మనసు అక్కడ కుదుటపడింది. రోజుకు 1,800 రూపాయలకు ఒప్పుకున్నాం. సామాన్లకు రెండు కంచరగాడిదలు, వాటిని తోలే కుర్రవాడు వేరు.

అతన్ని ఏమని పిలవాలో మొదట తెలియలేదు. అక్కడ అన్నను 'భైజీ' అంటారని హోమ్‌స్టే ఆవిడ చెప్పింది. ఆ క్షణం నుంచి అతను మా అందరికీ భైజీ. మేము ఆరుగురం: నేను, చెల్లెలు, మరిది, మా బడిలో పనిచేసే ముగ్గురు టీచర్లు. మేమందరం అంతకుముందు మూడు ఆదివారాలు భువనగిరి కోట బండ మీద సాధన చేశాం. మాలావత్ పూర్ణ పదమూడేళ్ళ వయసులో, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కక ముందు తొలి పాఠాలు నేర్చుకున్న బండ అది. అక్కడ మూడు వారాలు నడిచాక మరిది ధైర్యం కాస్త ఎక్కువైందని ఇప్పుడు అనిపిస్తుంది.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాదాపు 200 కిలోమీటర్లు. జీపులో తొమ్మిది గంటలు పట్టింది. మలుపులకు కడుపు తిప్పేవారు ముందు సీటు కోసం పోట్లాడక తప్పదు. పురోలాలో నగదు తీసుకోండి, తర్వాత నమ్మకం లేదు. నైట్వాడ్ దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టులో గోవింద్ జాతీయ ఉద్యానానికి అనుమతి రుసుము కట్టాలి. రూపిన్, సూపిన్ నదులు కలిసి టోన్స్ అయ్యేది అక్కడే. అయిదు నిమిషాలు దిగి చూడవచ్చు.

సాంక్రీలో దిగిన హోమ్‌స్టే దేవదారు చెక్క ఇల్లు. రెండు పూటల భోజనంతో మనిషికి 1,400. గీజరు లేదు, బకెట్టు వేడినీళ్ళు అడిగినప్పుడల్లా వచ్చాయి. కొత్తగా లేచిన కాంక్రీటు హోటళ్ళలో గీజరు ఉంది కానీ పక్కగది టీవీ కూడా ఉచితమే. భోజనంలో మండువా రొట్టె పెట్టారు. తిన్నాక తెలిసింది, మన రాగులే. నెయ్యి, రాజ్మాతో అంత రుచిగా ఉంటాయని తెలియక ఇన్నాళ్ళూ సంకటితోనే సరిపెట్టుకున్నాం. మేము తెచ్చుకున్న ఆవకాయ సీసా ఆ ఇంట్లోనే వదిలేసి రావలసి వచ్చింది, ఆ ఇంటి అత్తగారు దాన్ని వదల్లేదు మరి.

తాలూకా దాకా జీపు, అక్కడి నుంచి నడక. దారి మర్యాదలో మొదటి పాఠం గంటలోపే జరిగింది. ఎదురుగా కంచరగాడిదల వరస వస్తుంటే మా లెక్కల మాస్టారు ఫోటో కోసం లోయ వైపు జరిగారు. భైజీ చొక్కా పట్టుకుని కొండ వైపు లాగాడు. మూటలు మోసే జంతువుకు తన వెడల్పు తెలియదు, అది తగిలితే మనిషి సూపిన్‌లో తేలతాడు. ఆ తర్వాత ఎవరికీ మళ్ళీ చెప్పలేదు. అందరికన్నా నెమ్మదిగా నడిచే నన్ను వరసలో ముందు పెట్టాడు. మొదట చిన్నతనం అనిపించింది. సాయంత్రానికి అర్థమైంది, నేను వెనక ఉంటే ముందువారు ఆగి విశ్రాంతి తీసుకుని, నేను చేరగానే లేచి బయలుదేరేవారు, నాకు విశ్రాంతే ఉండేది కాదు.

సీమా దగ్గర మరో పెద్ద బృందం దిగింది. ముప్పై మంది ఉంటారు. స్పీకరులో పాటలు, మన తెలుగు పాటలే, పది దాటినా ఆగలేదు. మన భాష అన్న మమకారం మొదటి పది నిమిషాల్లోనే ఆవిరైంది. మా హిందీ టీచరు వెళ్ళి "నాయనా, మీ కంటే ముందు ఆ గాడిదలు పడుకోవాలి, రేపు మీ సామాను మోసేది అవే" అని తెలుగులో చెప్పేసరికి కుర్రాళ్ళు సిగ్గుపడి ఆపేశారు. పొద్దున అందులో ఇద్దరు వచ్చి నమస్కారం పెట్టి వెళ్ళారు.

ఓస్లా గ్రామం విషయంలో తప్పు మాదే. అక్కడి పాత చెక్క గుడిని దుర్యోధనుడి గుడి అని ఎక్కడో చదివి వెళ్ళాం. పౌరాణిక నాటకాల పద్యాలు వింటూ పెరిగిన మనకు సుయోధనుడంటే ప్రత్యేకమైన అభిమానం ఉంటుందిగా. మరిది ఊరి పెద్దాయన ఒకరిని ఎదురుగా అడిగేశాడు, "దుర్యోధనుడి గుడి ఇదేనా?" అని. ఆయన ముఖం మాడిపోయింది. "సోమేశ్వరుడి గుడి" అని ముక్తసరిగా చెప్పి వెళ్ళిపోయారు. దుర్యోధనుడి చావుకు జనం కార్చిన కన్నీళ్ళే టోన్స్ నది అయిందనే కథ ఉన్న మాట నిజమే కానీ, వచ్చిన ప్రతివాడూ వింత చూసినట్టు అదే అడగడం ఊరివాళ్ళకు నచ్చదని భైజీ తర్వాత చెప్పాడు. గుడిని బయటి నుంచే చూసి వచ్చాం. ఊళ్ళో ఆడవాళ్ళను అడగకుండా ఫోటోలు తీయవద్దని అతను ముందే చెప్పి ఉంచాడు, అది మాత్రం పాటించాం.

ఇక అసలు సంగతి. హర్ కీ దూన్ 3,566 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా స్వర్గారోహిణి. పాండవులు నడిచిన దారి అదేనని అక్కడివారి నమ్మకం. మర్నాడు ఇంకా పైన ఉన్న మరిందా తాల్ చెరువు చూడాలని మా పథకం. మరిది ఆరు నెలలుగా ఆ చెరువు ఫోటోలే చూస్తున్నాడు. బయలుదేరి గంటన్నర అయిందేమో, మేఘం లోయలోంచి పైకి రావడం మొదలైంది. సన్నగా మంచు పడింది. భైజీ ఒక బండ మీద కూర్చుని సంచి దింపాడు. "ఈ రోజుకు ఇంతే" అన్నాడు.

"ఇంత దూరం వచ్చి, చెరువు పక్కన పెట్టుకుని వెనక్కా? వదినగారూ, మీరైనా చెప్పండి" అన్నాడు మరిది. మంచు పెద్దగా లేదు, దారి కనిపిస్తూనే ఉంది. నాకూ లోపల అదే ఉంది, అబద్ధం ఎందుకు? భైజీ వాదించలేదు. "వెళ్ళడానికి ఇబ్బంది లేదు. తిరిగి వచ్చేటప్పుడు బండరాళ్ళ మీద మంచు ఉంటుంది, మీ బూట్లు ఇవి" అని మరిది కాళ్ళ వైపు చూశాడు. అంతే. 2024 జూన్‌లో ఇదే ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ దారిలో మంచుతుపానులో చిక్కి తొమ్మిది మంది ట్రెక్కర్లు చనిపోయారు. అది చలికాలం కూడా కాదు. ఆ సంగతి మా చెల్లెలు నెమ్మదిగా గుర్తు చేసింది. మరిది మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు. రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడలేదు కూడా.

ఆ మధ్యాహ్నం అతి భయంకరమైన తుపాను ఏదీ రాలేదు. నాలుగు అంగుళాల మంచు పడి ఆగింది, అంతే. అంటే వెళ్ళి ఉంటే బహుశా చూసి వచ్చేవాళ్ళం. వెనక్కి తిప్పిన గైడు సరైనవాడని ఆ రోజు రుజువు కాలేదు, అయినా అతనికి పూర్తి డబ్బు ఇవ్వడమే మర్యాద. చెరువు చూడలేదు కాబట్టి ఒక రోజు కూలి తగ్గించాలని చూసే బృందాలు ఉంటాయని అతనే చెప్పాడు. అలాంటివారి వల్లే గైడ్లు తిరగవలసిన చోట తిరగకుండా ముందుకు నడుస్తారు. కేదార్‌కాంఠలో మా లీడరు ఆవిడను ఎందుకు లేపాడో అప్పుడు కొంత అర్థమైంది. శిఖరం ఫోటో లేకపోతే అయిదు చుక్కల రేటింగు ఇవ్వని మనం కూడా అందులో భాగస్థులమే.

ఖర్చు చూసుకుంటే డెహ్రాడూన్ నుంచి తిరిగి డెహ్రాడూన్ వరకు మనిషికి పదకొండు వేలు దాటింది, సంస్థల ప్యాకేజీ కన్నా కొంచెం ఎక్కువే. గుడారాలు పాతవి, ఒకదాని జిప్పు పనిచేయలేదు. మరుగుదొడ్డి గుడారం ఒక్కటే, దాని దగ్గర పొద్దున క్యూ. వాడిన కాగితాలు గుంతలో వేయకుండా సంచిలో తిరిగి మోసుకురావాలని భైజీ చెబితే మా హిందీ టీచరుకు రెండు రోజులు మింగుడు పడలేదు. ఇవి పట్టింపు ఉన్నవారికి సంస్థ ద్వారా వెళ్ళడమే సుఖం. కానీ ముందు నడిపించేవారి పేరు, శిక్షణ బయలుదేరక ముందే రాతపూర్వకంగా అడగండి. పోర్టర్లకు బీమా ఉందా అని కూడా అడగండి. మొదటిసారి మాకు ఆ ఆలోచనే రాలేదు. మంచులో మా సామాను మోసినవారిలో ఒకరి కాళ్ళకు కాన్వాసు బూట్లు ఉన్నాయని ఫోటోల్లో చూసి తెలుసుకున్నాం.

బక్షీసు గైడు చేతికి మొత్తంగా ఇవ్వలేదు. కంచరగాడిదల కుర్రవాడికి, వంటవాడికి ఎవరిది వారికి విడివిడిగా ఇచ్చాం. మరిది తన ఉన్ని గ్లవ్స్ కూడా కుర్రవాడికే ఇచ్చేశాడు. భైజీతో మాత్రం జీపు ఎక్కేదాకా ముభావంగానే ఉన్నాడు. మొన్న తెలిసింది, వచ్చే మే నెలకు అదే భైజీకి అడ్వాన్సు పంపాడట. కొత్త బూట్లు కొన్నాడు.