కీవ్ చర్చిల లైవ్ టూర్: గైడ్ సూపర్, లావ్రా దగ్గర మాత్రం దాటేశారు

ఉక్రెయిన్ రాజధాని కీవ్ లో ఉండే గైడ్ ఒకావిడ ఫోన్ పట్టుకుని నడుస్తూ జూమ్ లో చూపించే టూర్ ఇది, ఇంగ్లిష్ లో, రెండు గంటలు. మా తమ్ముడు అక్కడ ఎంబీబీఎస్ చదివాడు, వాడు చెప్తేనే బుక్ చేశా. చర్చి ఎవరి చేతికింద ఉంటే దేశానికేంటి అనుకునేవాళ్ళు తప్పకుండా చూడండి.

మొదలు సెయింట్ సోఫియా చర్చి దగ్గర. 11వ శతాబ్దపు కట్టడం కదా, మొజాయిక్ ల గురించి చెప్తూ కూర్చుంటుందేమో అనుకున్నా, లేదు, సరాసరి 1686కి వెళ్ళిపోయింది. ఆ ఏడు ఇస్తాంబుల్ పాట్రియార్క్ (అంటే చర్చి పెద్ద) ఇచ్చిన ఒక ఉత్తరంతో కీవ్ చర్చి మాస్కో పాట్రియార్క్ కిందకి పోయింది, మూడొందల ఏళ్ళు దాటినా అదే కథ, 2018 అక్టోబర్ లో ఇస్తాంబుల్ లోని పాట్రియార్క్ బర్తలోమియో వాళ్ళు ఆ పాత ఉత్తరం ఇక చెల్లదన్నారు, మాస్కో వెంటనే వాళ్ళతో తెగదెంపులు చేసుకుంది, డిసెంబర్ 15న ఈ సోఫియాలోనే సభ పెట్టి కొత్త చర్చికి ఎపిఫానీని పెద్దగా ఎన్నుకున్నారు, 2019 జనవరి 6న స్వతంత్రం ఇస్తూ టోమోస్ అనే పత్రం చేతికొచ్చింది. అప్పటి ప్రెసిడెంట్ పొరొషెంకో 'సైన్యం, భాష, విశ్వాసం' అని స్లోగన్ పెట్టుకుని ఎలక్షన్ కి దిగి జెలెన్‌స్కీ చేతిలో చిత్తుగా ఓడాడు. జనం చర్చిని ఉంచుకుని ఆయన్ని ఇంటికి పంపారు, నాకు తెగ నచ్చిందీ ముక్క.

సెయింట్ మైకేల్ మొనాస్టరీయే బెస్ట్. 1930ల్లో సోవియట్ వాళ్ళు కూల్చేస్తే స్వాతంత్ర్యం వచ్చాక 90ల చివర్లో మళ్ళీ కట్టుకున్నారు. 2013లో నిరసనలప్పుడు మైదాన్ అనే సెంటర్లో పోలీసులు చితకబాదితే స్టూడెంట్స్ పరిగెత్తి తలదాచుకుంది ఇక్కడే. బయట గోడ నిండా చనిపోయిన సైనికుల ఫొటోలు, ఎదురుగా తుప్పు పట్టిన రష్యన్ ట్యాంకులు. 2023 నుంచి కొత్త చర్చి వాళ్ళు క్రిస్మస్ ని జనవరి 7 నుంచి డిసెంబర్ 25కి మార్చారట, గైడ్ వాళ్ళ అమ్మమ్మ మాత్రం రెండు రోజులూ వండుతుందట!

ఇక మైనస్, లావ్రా. 1051 నాటి గుహల మఠం, కొత్త చర్చికీ పాత చర్చికీ అసలు గొడవ నడిచేదే అక్కడ, దానికి మాత్రం రికార్డెడ్ వీడియో పెట్టేసింది. మాస్కో వైపు ఉన్న పాత చర్చి 2022 మేలో మాకూ మాస్కోకీ సంబంధం లేదని ప్రకటించినా గవర్నమెంట్ నమ్మలేదు, 2024 ఆగస్టులో రష్యాతో లింకున్న మత సంస్థల మీద నిషేధం చట్టం తెచ్చింది. ఆ చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉక్రెయిన్ వాళ్ళే కదా, వాళ్ళకేం చెప్తారు అని అడిగితే 'కాంప్లికేటెడ్' అని నవ్వేసింది. డబ్బులు తీసుకున్నాక ఆ ప్రశ్న ఎగ్గొడితే ఎలా.

ఐదుకి నాలుగు ఇస్తా, రేటు కాస్త ఎక్కువే. సైరన్ మోగితే ఆపేసి మిగతాది ఇంకో రోజు చూపిస్తామని ముందే చెప్తారు. గాలి శబ్దం బాగా వస్తుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. చలికాలమైతే మన మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి, సాయంత్రం పెట్టుకుంటే అక్కడ చీకటి పడిపోయి ఏం కనపడదు.